పదకొండో ఇంటి మాట

తన నోటి మాట తనకే అచ్చులో ఎదురుపడితే ఎలా ఉంటుందో ప్రశ్నలమ్మాయికి ఆ సోమవారం పొద్దున తెలిసింది.

పరిశోధన కేంద్రంలో అందరి బల్లల మీదా పుస్తకం తాలూకు ప్రూఫు కాగితాలు పడ్డాయి. మంచాన పడ్డవాళ్లకి ఇంట్లో సేవ చేసే మనుషుల గురించి పెద్ద మేడమ్ రాస్తున్న పుస్తకం అది. ఎవరు చేస్తున్నారు, ఎప్పుడు నిద్రపోతున్నారు, తమ గోడు ఎవరికి చెప్పుకుంటున్నారు అని ముప్పై ఇళ్లు తిరిగి, అడిగి, రికార్డు చేసుకొచ్చింది ప్రశ్నలమ్మాయే. ఆ పేరు ఆ ఇళ్లవాళ్లు పెట్టింది. నలభైకి దగ్గరపడుతున్న దాన్ని అమ్మాయి అనడమేమిటని మొదట్లో నవ్వుకుంది గానీ, పోనుపోను కేంద్రంలో కూడా ఆ పేరే స్థిరపడిపోయింది.

మూడో అధ్యాయం తిప్పింది. పేజీ నెత్తిన, విడిగా, వాలు అక్షరాల్లో కొన్ని వాక్యాలున్నాయి.

“పిలుస్తూనే ఉంది. నేను తలుపు దగ్గరగా వేసి మెట్ల మీద కూర్చున్నాను. వినబడుతూనే ఉంది, లేవలేదు. ఆ పిలుపు ఇక ఆగిపోతే బాగుండునని అనుకున్నాను. ఆగిపోవడం అంటే ఏమిటో తెలిసే అనుకున్నాను.”

కింద చిన్న అక్షరాల్లో: పదకొండో ఇల్లు, కుట్టుపని చేసే కోడలు.

ప్రశ్నలమ్మాయి కాగితం బోర్లా పెట్టింది. మళ్లీ తిప్పింది. ఆ మాటలు కుట్టుపనావిడవి కావు. పోయిన వానాకాలంలో కుట్టుమిషను పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని తాను చెప్పుకున్న మాటలు అవి. మొగుడికి చెప్పనివి, కన్నతల్లికి చెప్పనివి.

అలా ఎందుకు చెప్పుకుందంటే, కుట్టుపనావిడ ఎంతకీ నోరు విప్పలేదు. ఏది అడిగినా “బాగానే ఉందమ్మా” అనేది, మిషను తొక్కేది. “అవతలివాళ్లు బిగుసుకుంటే మీ గురించి ఒక ముక్క చెప్పండి, వాళ్లే కరుగుతారు” అని పెద్ద మేడమ్ శిక్షణలో చెప్పి ఉంది. ఒక ముక్క చెబుదామనే మొదలుపెట్టింది. కట్ట తెగినట్టు అయిపోయింది. తన అత్తగారు, పక్షవాతం, పక్క మార్చడాలు, పిలుపులు, ఆ రోజు మెట్లు. కుట్టుపనావిడ మిషను ఆపి, సూదిలో దారం ఎక్కిస్తూ, ఊ కొడుతూ వింది.

తప్పు ఎక్కడ జరిగిందో కూడా ప్రశ్నలమ్మాయికి తెలుసు. రికార్డులు విని కాగితం మీద పెట్టే టైపు ఆయనకి గొంతులతో పని లేదు. పొట్టిగా మాట్లాడేది అడిగే మనిషి, పొడుగ్గా మాట్లాడేది చెప్పే మనిషి. ఏళ్ల తరబడి అదే ఆయన కొలబద్ద, ఏనాడూ తప్పలేదు. అడగడానికి వెళ్లిన మనిషే తన కష్టం వెళ్లబోసుకుంటుందని ఆయన మాత్రం కలగన్నాడా? ఆ పేజీల్లో ఇద్దరి గుర్తులూ తారుమారయ్యాయి. అలాంటివి పట్టుకోవడానికే ప్రతి రికార్డునూ కాగితంతో సరిచూసే పని ఒకటుంది. ఆ పని ప్రశ్నలమ్మాయిది. మిగతా ఇళ్లన్నీ సరిచూసింది. పదకొండో ఇంట్లో మాత్రం “మా ఇంట్లో కూడా” అని తన గొంతు మొదలవగానే రికార్డరు ఆపేసి, కాగితం మూల టిక్కు పెట్టేసింది.

“చదివావా?” పెద్ద మేడమ్ వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. కళ్లద్దాలు నెత్తి మీద పెట్టుకుని వాటికోసం బల్లంతా వెతికే మనిషి. ఇవాళ వెతకడం కూడా మరిచిపోయి, మొహం వెలిగిపోతోంది. “ఆ పదకొండో ఇల్లు! ఆ ఒక్క మాట దొరక్కపోతే ఈ పుస్తకం లెక్కల పుస్తకమే అయ్యేది. సేవ అంటే ప్రేమ అని ఒకళ్లు, చాకిరీ అని ఒకళ్లు రాసి రాసి చంపారు. అవి రెండూ కాక మధ్యలో ఒక చోటు ఉంది చూశావా, ఆ మెట్లు? అధ్యాయమంతా ఆ మెట్ల మీదే కట్టాను.”

“మేడమ్, ఆ ఇల్లు...”

“శనివారం సభలో ముందు అదే చదువుతాను. ఎవరి మాట వాళ్లకి తిరిగి అప్పజెప్పాలి, లేకపోతే మనం దొంగలం. ఆహ్వానం కాగితాలు కూడా బాగా వచ్చాయి. చూశావా?”

లేత పసుపు కాగితం చేతిలో పెట్టింది. పరిశోధనలో తేలిన సంగతులు సమాధానాలిచ్చినవాళ్ల ముందే చెప్పడానికి పేటలోని సమావేశం హాల్లో సభ, అందరూ రావాలి అని ఉంది. ఆ పైన, పువ్వుల గీత మధ్యలో, అదే మాట. పదకొండో ఇల్లు, కుట్టుపని చేసే కోడలు.

“ఇవి పంచేశారా మేడమ్?”

“శుక్రవారమే. ఆసుపత్రి గోడకీ, మందుల షాపుకీ కూడా అంటించారు.”

ప్రశ్నలమ్మాయి కాగితం నాలుగు మడతలు పెట్టింది. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంటూనే “బాగుంది మేడమ్” అంది. ఆ రెండు మాటలు తన నోట్లోంచి వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

*

ఇల్లు రెండో అంతస్తు. సాయంత్రం మెట్లు ఎక్కుతుంటే మొగుడు దిగుతూ ఎదురయ్యాడు. బస్సుల డిపోలో మెకానిక్కు అతను. పగలు తల్లి దగ్గర అతనుంటాడు. ఈమె వచ్చే వేళకి అతను డ్యూటీకి దిగుతాడు. పెళ్లయిన కొత్తలో గంటలు గంటలు మాట్లాడుకున్న మనుషులు, ఇప్పుడు మెట్ల మలుపులో నిలబడి తాళం చెవులతో పాటు నాలుగు మాటలు మార్చుకుంటున్నారు.

“అమ్మ మధ్యాహ్నం మాత్ర వేసుకుంది. పాలు సగమే తాగింది. ఎడమ వైపు తిప్పి పడుకోబెట్టాను.” రెండు మెట్లు దిగి ఆగాడు. “మా ఫోర్‌మన్ వాళ్ల ఆవిడ నీ గురించి అడిగింది. వాళ్ల మామగారు కూడా మంచం పట్టారట. నీ దగ్గర నేర్చుకోవాలట. మా ఆవిడ చేతిలో మా అమ్మ చంటిపిల్లలా ఉందని చెప్పాన్లే.”

అతను అలాంటివి ఊరంతా చెప్పుకుంటాడు. వద్దన్నా వినడు. ఈమెకి ఒక్కో పొగడ్తా ఒక్కో ముల్లులా దిగుతుంది.

అత్తగారు మంచం మీద గోడవైపు తిరిగి ఉంది. కుడి చెయ్యీ కాలూ పడిపోయినా, నోరూ చెవులూ కళ్లూ ఇనుప ముక్కలు. “వచ్చావా అమ్మాయ్? ఇవాళ అడుగు బరువుగా పడుతోంది. ఎవరితో పోట్లాడొచ్చావ్?”

“ఎవరితోనూ లేదు అత్తయ్యా.”

దుప్పటి మార్చాలి. ఆమెను తన వైపుకి దొర్లించి, మోకాలు ఆనించి ఆపి, పాత దుప్పటిని వీపు దాకా చాపలా చుట్టి, దాని వెంబడే కొత్తది పరిచి, మళ్లీ అటు దొర్లించి, చుట్టను లాగేయాలి. ముడత ఒక్కటి మిగిలినా తెల్లారేసరికి వీపు మీద ఎర్రటి గీత పడుతుంది. అరచేత్తో ముడతలు తీస్తూ ప్రశ్నలమ్మాయి వీపంతా చూసింది. ఎక్కడా మచ్చ లేదు. ఈ వీపుని ఇలా కాపాడిన చేతులే ఆ రోజు తలుపు మూశాయి. రెండూ నిజమే. చెబితే ఎవరైనా రెండోదాన్నే గుర్తుపెట్టుకుంటారు.

“దుప్పటి అయిపోయింది. ఇంకా ఏం తడుముతున్నావ్? వీపులో నిధి దొరికిందా?” అంది అత్తగారు.

*

మర్నాడు భోజనం వేళ కేంద్రంలో ఎవరికీ చెప్పకుండా పదకొండో ఇంటికి వెళ్లింది. వీధిలోకే తెరుచుకునే ఒక్క వరస గదులు. గడప దాటితే కుట్టుమిషను, దాని వెనక పరదా, పరదా వెనక ముసలావిడ మంచం. పెద్ద మేడమ్ ఈ ఇంటికి ఏనాడూ రాలేదు.

కుట్టుపనావిడ బడిపిల్లల చొక్కాలకి కాలర్లు వేస్తోంది. తలెత్తి చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. ముక్కాలిపీట మీద గుడ్డముక్కలుంటే వాటిని తియ్యను కూడా తియ్యలేదు.

“అక్కా, ఆ కాగితం...”

“చూశాను. చూపించారు.” పంటితో దారం తెంపింది. “మా ఆడపడుచు మందుల షాపులో చదివిందట. తిన్నగా ఇక్కడికే వచ్చింది. వాళ్లమ్మని అటు తిప్పి, ఇటు తిప్పి, పుళ్లు ఏమైనా పడ్డాయేమోనని ఒళ్లంతా వెతికింది. నా ఎదుటే. చీమ కుట్టిన మచ్చ కూడా దొరకలేదు. దొరక్కపోయేసరికి ఇంకా కోపం వచ్చింది.”

“మీరు అనలేదని చెప్పలేదా?”

“చెప్పనా మరి? మా ఇంటికి మెట్లెక్కడున్నాయమ్మా అని అడిగాను. మెట్లు లేకపోతే గడప మీద కూర్చుని ఉంటావులే అంది.” కుట్టుపనావిడ నవ్వబోయింది. నవ్వు రాలేదు. “అమ్మని తీసుకుపోతానంటోంది. తీసుకుపోతే నాకు సుఖమే అనుకుంటావేమో. పదేళ్లు చేశాను. చివర్న ఈ పేరు పెట్టుకుని పంపించనా? ఆవిడ పరదా వెనక నుంచి అంతా వింది. రెండు రోజులుగా నా చేత్తో మందు వేసుకోవడం లేదు. మంచినీళ్లు పుచ్చుకోవడానికి కూడా నా మొహం వంక అనుమానంగా చూస్తోంది.”

పరదా వెనక మంచం కిర్రుమంది. ఇద్దరూ గొంతు తగ్గించారు.

“ఆ మాట అన్నది నువ్వు. నేను ఊ కొట్టాను. ఊ కొట్టిన పాపానికి కథ నా మెడకి చుట్టారు మీరు!”

“టైపు చేసేటప్పుడు తారుమారైంది అక్కా. నేనే చూసుకోలేదు.”

“ఎలా అయిందో నాకెందుకు? చొక్కా పొట్టిదైతే తప్పు కత్తెరదా, మిషనుదా అని అడుగుతారా? విప్పి మళ్లీ కుట్టమంటారు.” కాలరు తిరగేసి గోటితో అంచు నొక్కింది. “శనివారం మా ఆడపడుచు సభకి వస్తానంది. నలుగురిలో తేల్చుకుంటుందట. ఆ నలుగురిలోనే నువ్వు చెప్పాలి.”

“చెబుతాను.”

“నీకు ఉద్యోగం పోతుందేమో.”

“ఏమో.”

“పోకూడదనే కోరుకుంటాన్లే. కానీ చెప్పాలి.”

తిరిగి వస్తుంటే ఆసుపత్రి గోడ మీద పసుపు కాగితం కనిపించింది. చుట్టూ చూసి, గోటితో ఒక మూల లేపింది. జిగురు గట్టిగా పట్టింది, పువ్వుల గీత చిరిగిందే గానీ మాట ఊడిరాలేదు. ఎవరో దగ్గుతూ పక్కకి వచ్చారు. చప్పున చెయ్యి తీసేసి నడక అందుకుంది.

బుధ, గురువారాలు ఎలా గడిచాయో ఆమెకే తెలియాలి. కేంద్రంలో పెద్ద మేడమ్ గదిదాకా వెళ్లేది, లోపల ఎవరో ఉన్నారనో, మేడమ్ ఫోన్లో ఉందనో వెనక్కి వచ్చేది. లోపల ఎవరూ లేనప్పుడు మంచినీళ్లు తాగాలనిపించేది. కూర్చుంటే లేవాలనీ, లేస్తే కూర్చోవాలనీ. ఇంట్లో మొగుడికి చెబుదామంటే మెట్ల మలుపులో నిలబడి చెప్పే మాటా అది? ఒక చీటీ మీద రాద్దామనుకుంది. “నీతో ఒక సంగతి” అన్న దగ్గర కలం ఆగింది. ఆ చీటీతో పొయ్యి గట్టు తుడిచి పారేసింది.

శుక్రవారం అత్తగారికి తల దువ్వుతుంటే దువ్వెన చిక్కులో ఆగింది. అక్కడే చెయ్యి కూడా ఆగిపోయింది.

“నిద్రపోతున్నావా అమ్మాయ్, నుంచునే?”

“లేదు అత్తయ్యా. ఒక మాట...”

“ఊ.”

ఆ ఊ వినగానే ప్రశ్నలమ్మాయి దువ్వెన బయటికి లాగేసింది. ఒకసారి ఊ కొట్టినవాళ్లని నమ్మి చెప్పినందుకే ఇంత దూరం వచ్చింది. “జుట్టు బాగా రాలుతోంది. నూనె మారుద్దాం” అంది.

“నూనె మారిస్తే రాలినవి తిరిగొస్తాయా?” అని అత్తగారు కళ్లు మూసుకుంది.

*

శనివారం పొద్దున హాల్లో ఇంకా కుర్చీలు వేస్తున్నారు. పెద్ద మేడమ్ మైకు దగ్గర నిలబడి కాగితాలు సర్దుకుంటోంది. ప్రశ్నలమ్మాయి తిన్నగా వెళ్లి, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. టైపు ఆయన కొలబద్ద, తాను వినకుండా పెట్టిన టిక్కు, కుట్టుపనావిడ ఇంటి గొడవ, అన్నీ.

పెద్ద మేడమ్ ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీలకి ఆనుకుంది.

“ఆ ఇంటికి మెట్లు లేవా?” అంది.

“లేవు మేడమ్.”

“నేను అధ్యాయమంతా మెట్ల మీద కట్టాను.” కళ్లద్దాలు నెత్తి మీంచి తీసి తుడిచింది. తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకుంది. “మెట్లు మీ ఇంటివన్న మాట.”

“అవును మేడమ్.”

“నాకెందుకు చెప్పలేదు? మాట తప్పుగా పడిందని కాదు. మీ ఇంట్లో అంత కష్టం ఉందని.”

ముప్పై ఇళ్లలో అదే ప్రశ్న అడిగింది తాను. మీ కష్టం ఎవరికైనా చెప్పుకుంటారా? చెప్పుకోం అని అందరూ అంటే, ఎందుకు చెప్పుకోరో అని ఆశ్చర్యపోతూ రాసుకుంది.

“సరే.” పెద్ద మేడమ్ గొంతు మళ్లీ పని మాటల్లోకి వచ్చింది. “ఇవాళ ఆ ముక్క చదవను. పుస్తకంలో ఇంటి నంబరు తీసేసి ‘ఒక ఇంట్లో’ అని వేద్దాం. నువ్వూ సేవ చేసేదానివే, మాట అబద్ధం కాదు. ఎవరికీ ఏ నష్టమూ ఉండదు.”

“చదవకపోతే ఆవిడే అన్నదని ఖాయమైపోతుంది మేడమ్. గోడల మీద ఉంది.”

“మైకు ముందు చెబితే ఏమవుతుందో తెలుసా? ఒక ఇంటి మాట తప్పైతే మిగతా ఇళ్ల మాట మాత్రం ఎవరు నమ్ముతారు? మూడేళ్ల పని ఇది. నాది ఒక్కదానిదే కాదు, నీది కూడా.”

అది నిజమే. ఎండలో తిరిగిన ఇళ్లు, కుక్కలు తరిమిన సందులు, మొహం మీదే వేసిన తలుపులు అన్నీ ప్రశ్నలమ్మాయికి గుర్తొచ్చాయి. అప్పటికే జనం వస్తున్నారు. పని ఎగ్గొట్టి వచ్చినవాళ్లలా అందరూ అంచుల మీద కూర్చుంటున్నారు. ఇంట్లో ఎవరినో ఎవరికో అప్పజెప్పి వచ్చినవాళ్లే అందరూ. మాటిమాటికీ ఫోన్లు చూసుకుంటున్నారు. వెనక వరసలో కుట్టుపనావిడ, ఆమె పక్కన గొడుగు పెట్టిన ఖాళీ కుర్చీ, దాని పక్కన మందుల సంచీ ఒళ్లో పెట్టుకున్న ఆడపడుచు.

పెద్ద మేడమ్ చదివింది. మొదటి అధ్యాయం, రెండో అధ్యాయం. మూడోదానికి వచ్చేసరికి రెండు పేజీలు కలిపి తిప్పింది.

ఆడపడుచు లేచింది. “అమ్మా, మధ్యలో ఏదో వదిలేశారు. కాగితం మీద వేశారే, ఆ మెట్ల మాట. అది చదవండి. మా వదిన కూడా వింటుంది.”

హాలంతా వెనక్కి తిరిగింది. కుట్టుపనావిడ తల వంచుకోలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని ప్రశ్నలమ్మాయి వంకే చూస్తూ కూర్చుంది.

ప్రశ్నలమ్మాయి కాళ్లు కదిలాయి. ఎప్పుడు లేచిందో, మైకు ఎలా అందుకుందో తర్వాత ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. రెండో వరసలో ఫోర్‌మన్ భార్య కూర్చుని ఉండడం మాత్రం అప్పుడే కంటపడింది. ఈవిడే నేర్చుకోవడానికి వచ్చింది, ఇక బాగా నేర్చుకుంటుంది అనిపించింది.

“ఆ మాట ఆ అక్కది కాదు. నాది. మెట్లు మా ఇంటివి. పిలిచింది మా అత్తగారు. ఆ అక్క నోరు విప్పలేదని నా సంగతి నేను చెప్పుకున్నాను. రాసుకోవడంలో ఆవిడ మాట అయిపోయింది. సరిచూడాల్సింది నేను. నా గొంతు నేను వినలేక చూడలేదు.” ఇంకా ఏదో చెప్పాలనుకుంది. మైకు దించబోయి మళ్లీ ఎత్తింది. “అంతే.”

ముందు వరసలో ఒక ముసలాయన, భార్యకి సేవ చేసే ఆయన, నెమ్మదిగా తల ఊపాడు. అది ఒప్పుకోవడమో, జాలో తెలియలేదు.

“మీ అత్తగారికి తెలుసా?” ఆడపడుచు నిలబడే ఉంది. గొంతులో పదును సగం పోయింది.

“తెలియదు.”

“వెళ్లి చెప్పండి మరి.” కూర్చుంది. కాసేపు సంచీ తాళ్లు సవరించుకుని, పక్క కుర్చీ అవతలికి వంగి వదినతో ఏదో అంది. కుట్టుపనావిడ ఆమె వైపు తిరగలేదు. కానీ మధ్యలో ఖాళీ కుర్చీ మీద ఉన్న తన గొడుగు తీసి కింద పెట్టింది. ఆడపడుచు ఆ కుర్చీలోకి జరిగింది.

పెద్ద మేడమ్ మైకు తీసుకుంది. చేతిలోని కాగితాలు మడిచి పెట్టేసింది. “తప్పు ఒక్క మనిషిది కాదు. ఆ ఇంటికి వెళ్లకుండా ఆ ఇంటి గురించి రాసింది నేను. అన్ని రికార్డులూ మళ్లీ వింటాం. విన్నాకే పుస్తకం. ఎప్పటికవుతుందో ఇప్పుడు చెప్పలేను.” చెప్పేటప్పుడు ఆమె మొహంలో ఒక్కసారిగా వయసు పైబడినట్టు కనిపించింది. ప్రశ్నలమ్మాయి వైపు మాత్రం చూడలేదు.

గుమ్మం దగ్గర కుట్టుపనావిడ ఎదురైంది. “కుట్టించుకోవాలంటే బట్ట పట్టుకుని రా, ఎప్పుడైనా కుడతాను. ప్రశ్నలు పట్టుకుని మాత్రం రాకు” అని గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది.

*

ఫోర్‌మన్ భార్య తనకంటే ముందే ఫోనందుకుని ఉంటుంది. మెట్ల మలుపులో మొగుడు డ్యూటీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. వేళ కాకముందే బయల్దేరాడు.

“విన్నాను” అన్నాడు.

ఆమె గోడకి ఆనుకుంది. ఏ మెట్టు మీద కూర్చుందో చూద్దామన్నట్టు అతని చూపు మెట్ల వెంబడి పైకి పోయి, దిగింది.

“నాకు చెప్పొచ్చుగా.”

“ఎప్పుడు? ఇక్కడా?”

అతను తాళం చెవులు ఆమె చేతిలో పెట్టాడు. రోజూ పెట్టినట్టే పెట్టాడు, చేతికి చెయ్యి తగలకుండా. “అమ్మకి నేనేం చెప్పలేదు. నువ్వు చెబుతావో మానుతావో నీ ఇష్టం” అని దిగిపోయాడు. పాలు ఎన్ని తాగిందో, ఏ వైపు పడుకోబెట్టాడో చెప్పలేదు. ఆమె పైకి ఎక్కింది.

అత్తగారు కిటికీ వైపు తిరిగి ఉంది. ప్రశ్నలమ్మాయి చెప్పులు గుమ్మానికి లోపలి పక్క అరలో పెట్టి, మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇక నూనె సంగతి, జుట్టు సంగతి ఎత్తే ఓపిక లేదు.

“అత్తయ్యా, పోయిన వానాకాలంలో ఒక రోజు మీరు పిలుస్తుంటే నేను రాలేదు. బజారుకి వెళ్లానని చెప్పాను. వెళ్లలేదు. బయట మెట్ల మీద కూర్చున్నాను.”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“మెట్ల మీద ఉన్నావని. ఆ అర ఇక్కడికి కనిపిస్తుంది.” ఎడమ చేత్తో గుమ్మం వైపు చూపించింది. “నీ చెప్పులు అందులోనే ఉన్నాయి. ఉత్తికాళ్లతో బజారుకి పోతావా నువ్వు? పక్కింటికి పోవాలన్నా చెప్పులు తుడుచుకునే దానివి.”

“తెలిసి కూడా పిలుస్తూనే ఉన్నారా?”

“తెలిసే పిలిచాను. తెలియకపోతే రెండుసార్లు పిలిచి ఊరుకునేదాన్ని.”

“దాహమని కదా పిలిచారు?”

“నీళ్ల చెంబు ఇదిగో, ఇక్కడే ఉంది.” అత్తగారు ఎడమ చెయ్యి చాపి మంచం పక్క బల్ల మీది చెంబు అంచు పట్టుకుంది. మూత తీసింది. మళ్లీ పెట్టింది. “దాహం లేదు, పాడూ లేదు. ఎంతసేపటికి వస్తుందో చూద్దామనుకున్నాను. నువ్వు రాలేదు. నాకు పంతం వచ్చింది. నువ్వూ లేవలేదు, నేనూ ఆపలేదు. సరికి సరి.”

“నేను అంతకంటే పాపిష్టి మాట అనుకున్నాను అత్తయ్యా. ఆ పిలుపు ఇక...”

“ఆగిపోతే బాగుండునని.” అత్తగారు కిటికీ నుంచి మొహం ఇటు తిప్పుకుంది. పడిపోయిన వైపు పెదవి కొంచెం వణికింది. “నేను మాత్రం అనుకోలేదనుకున్నావా? రోజుకోసారి అనుకుంటాను. నువ్వు వచ్చి దుప్పటి లాగేటప్పుడు మరచిపోతాను.”

ప్రశ్నలమ్మాయి ఏడ్చింది. దాచుకోవాలని చూడలేదు. అత్తగారు ఓదార్చే రకం కాదు, ఏడవనిచ్చింది.

“ఆ పుస్తకం గొడవంతా వాడు ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను” అంది తర్వాత. “చెవులకి పక్షవాతం రాలేదుగా. ముప్పై ఇళ్లు తిరిగావట. సేవ చేసేవాళ్లనందరినీ అడిగావట.”

“అవును.”

“మంచాల మీదవాళ్లని ఎవరినైనా అడిగారా?”

ప్రశ్నలమ్మాయి కళ్లు తుడుచుకుంటూ ఆగిపోయింది. ఎన్ని గదులు, ఎన్ని పరదాలు. ప్రతి పరదా వెనకా ఒక మంచం కిర్రుమంటూనే ఉంది. రికార్డుల్లో ఆ చప్పుడు పడితే టైపు ఆయన ‘శబ్దం’ అని బ్రాకెట్లో వేసి వదిలేసేవాడు.

“లేదు అత్తయ్యా. ఎవరినీ అడగలేదు.”

“మేము పొడుగ్గానే మాట్లాడతాం. వినే తీరిక ఉంటే.” అత్తగారు చెంబు మీంచి చెయ్యి తీసి పొట్ట మీద పెట్టుకుంది. “ఇప్పుడొద్దులే. నీ మొహం చూడు, వాడిపోయిన ఆకులా ఉంది. పో, వెళ్లి కాసేపు ఆ మెట్ల మీద కూర్చో. నేను పిలవను.”

“అబ్బే, ఎందుకు...”

“పొమ్మన్నానా? తలుపు దగ్గరగా వేసుకుని పో.”

వెళ్లింది. తలుపు దగ్గరగా వేసింది. ఆ రోజు కూర్చున్న మెట్టు మీదే కూర్చుంది. కింద ఎవరో బిందెలు కడుగుతున్నారు, పై అంతస్తులో రేడియో మోగుతోంది. కాళ్లు చాపుకుంది. ఇన్నాళ్లుగా కోరుకున్నది ఇదే. పిలిచేవాళ్లు లేని కాసేపు. గోడకి తల ఆనించి కళ్లు మూసింది.

లోపల నుంచి ఏ చప్పుడూ లేదు. కళ్లు తెరిచింది. మంచం కిర్రుమంటుందేమోనని చెవి పెట్టింది. కిర్రుమనలేదు. దగ్గు లేదు. చెంబు మూత చప్పుడు లేదు. కింద బిందెలు కడగడం కూడా అయిపోయింది. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది. ఇంకాసేపు కూర్చుందామనుకుంది. ఇంకొంచెం, పైన రేడియోలో ఈ పాట అయిపోయేదాకా.

పాట సగంలో ఉండగానే లేచి, తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

అత్తగారు కళ్లు మూసుకునే ఉంది. “పిలవలేదుగా, ఎందుకొచ్చావ్?”

“పిలవలేదనే” అంది ప్రశ్నలమ్మాయి.